సానియా మీర్జా: రెండో దారిలో మొదటి స్థానం

క్రికెట్ తెలియని విద్యార్థి మన హాస్టళ్లలో ఉండడు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మనం ఆడేవే. టెన్నిస్ మాత్రం మనకు దూరం. రాకెట్లు, కోర్టు, కోచ్, ప్రయాణాలు అన్నీ ఖర్చుతో కూడుకున్నవి. అయినా ఈ ఆటలో ప్రపంచ నంబర్ వన్ అయిన అమ్మాయి మన హైదరాబాద్‌లోనే పెరిగింది. ఆమె కథలో మనకు పనికొచ్చే విషయం ఒకటి ఉన్నందున ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందు ఆట సంగతి. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. ఒక్కొక్కరే ఆడే సింగిల్స్‌కు వెడల్పు 27 అడుగులు, ఇద్దరిద్దరు ఆడే డబుల్స్‌కు 36 అడుగులు. పాయింట్లను 15, 30, 40 అని లెక్కిస్తారు. సింగిల్స్‌కు, డబుల్స్‌కు ర్యాంకులు వేర్వేరు. పేరు, డబ్బు ఎక్కువగా వచ్చేది సింగిల్స్‌లోనే.

సానియా మీర్జా 1986 నవంబర్ 15న ముంబైలో జన్మించారు. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టారు. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు శిక్షణ ఇచ్చారు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచారు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అలోనా బొందరెంకోను ఓడించి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళగా నిలిచారు. అదే ఏడాది యు.ఎస్. ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరారు. 2007లో సింగిల్స్ ర్యాంకు 27కు చేరింది.

అక్కడే కష్టం మొదలైంది. ఆమె బలమంతా ఫోర్‌హ్యాండ్ దెబ్బలో ఉంది. ఆ దెబ్బకు ఆధారమైన కుడి మణికట్టే దెబ్బతింది. 2008లో శస్త్రచికిత్స జరిగింది. తరువాత మోకాళ్లూ ఇబ్బంది పెట్టాయి. సింగిల్స్‌లో కోర్టంతా ఒక్కరే పరుగెత్తాలి. ఆ శ్రమకు శరీరం సహకరించదని గ్రహించి, 2013 నాటికి సింగిల్స్ మానేసి డబుల్స్‌పైనే దృష్టి పెట్టారు.

దీన్ని ఓటమి అనుకోవచ్చు. కాని డబుల్స్‌లో కోర్టును ఇద్దరు పంచుకుంటారు. ఒకరి లోటును మరొకరు పూడుస్తారు. స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్ నెట్ దగ్గర నేర్పరి. వెనుక నుంచి బలంగా కొట్టేది సానియా. ఈ జోడీ 2015 వింబుల్డన్ ఫైనల్ చివరి సెట్లో 2-5తో వెనుకబడి కూడా 7-5తో గెలిచింది. ఆ ఏడాది యు.ఎస్. ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వారివే. వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. 2015 ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. భారత మహిళల్లో ఆ ఘనత ఆమెదే మొదటిది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉన్నారు. మిక్స్‌డ్ డబుల్స్‌లో గెలిచిన మూడింటితో కలిపి ఆమె గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆరు.

2018లో తల్లి అయ్యాక కూడా మళ్లీ కోర్టులో దిగారు. 2020 జనవరిలో హోబర్ట్ డబుల్స్ గెలిచారు. 2023 ఫిబ్రవరిలో ఆటకు స్వస్తి చెప్పి, మార్చిలో ఎల్.బి. స్టేడియంలో సొంత ఊరి వారి ముందు వీడ్కోలు మ్యాచ్ ఆడారు.

మిత్రులారా! దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా రోడ్డు పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఒక్క ర్యాంకు తప్పితే జీవితమే పోయిందనుకుని పెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయిన వారిని మనం చూశాము. వారిలో తెలివి తక్కువ వారెవరూ లేరు. ఒక దారి మూసుకుపోతే తన బలం ఏ దారిలో పనికొస్తుందో చూసుకోవడం పరాజయం కాదు. సానియా నేర్చిన ఫోర్‌హ్యాండ్ సింగిల్స్‌తో వృథా కాలేదు, డబుల్స్‌లో అక్కరకొచ్చింది. మనం చదివిన చదువూ అంతే. ఆమె ఒంటరిగా చేరలేని స్థానానికి తోడుతో చేరింది. హాస్టల్లో మనకు పక్క మంచం మీదే తోడు ఉంది. ఫలితాలు వచ్చిన రాత్రి ఆ మిత్రుణ్ని పలకరిద్దాం, పెట్టె సర్దుకోనివ్వకుండా ఆపుదాం.