సూది దించిన శుక్లం

ఏళ్ళ తరబడి మసకలో ఉన్న ముసలాయన, కంట్లో సూది దిగిన మరుక్షణమే ఎదురుగా చూపిన వేళ్ళు లెక్కపెట్టేస్తే ఊరు నమ్మక ఏం చేస్తుంది? ఊరూరా తిరిగిన నాటి కంటివైద్యులకు పేరు అలాగే వచ్చింది. ఆ చూపు అబద్ధం కాదు. నిలవకపోవడమే చిక్కు.

కంటిపాప వెనుక 4 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ మందంతో ఉండే కటకం సన్నటి పోగుల మీద వేలాడుతుంటుంది. అది తెల్లబడితే శుక్లం. పాత పద్ధతిలో దాన్ని బయటికి తీసేవారు కాదు. సూదితో పోగులు తెంచి, కంటి వెనుక భాగంలోని జిగురు ద్రవంలోకి తోసేసేవారు. అడ్డు తొలగింది కాబట్టి వెలుతురు లోపలికి పోయేది. సుశ్రుత సంహిత వివరించిన చికిత్స ఇదే. యవగింజ మొన వంటి శలాక వాడాలనీ, తర్వాత రోగి దగ్గకుండా, తుమ్మకుండా వెల్లకిలా పడుకోవాలనీ అందులో ఉంది. ప్రమాదం తెలిసినవాళ్ళు రాసిన మాటలవి. తిరుగుడు వైద్యుల చేతికొచ్చేసరికి జాగ్రత్త పోయి సూది మిగిలింది.

లోపలికి జారిన శుక్లం ఊరికే ఉండదు. పైపొర చిరిగి అందులోని మాంసకృత్తులు కారితే కన్ను వాచిపోతుంది. కటకం ముందుకు తేలివచ్చి కంటిపాపకు అడ్డుపడితే లోపలి నీటికి దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. ఇది నీటికాసుల జబ్బు. ఆ ఒత్తిడికి చచ్చిన దృష్టినాడి మళ్ళీ బతకదు. రెటీనా ఊడిపోవచ్చు. మురికి సూదితో చీము పడితే కొన్నాళ్ళకు కనుగుడ్డే కుంచించుకుపోతుంది. అప్పటికి వైద్యుడు ఏ ఊళ్ళో ఉంటాడో!

ఆ చెడిన కళ్ళు చివరికి చేరింది మద్రాసుకు. అక్కడ 1819లోనే ప్రభుత్వ కంటి ఆసుపత్రి వెలిసింది. మన కర్నూలు, కడప జిల్లాలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలోనివే. ఆ ఆసుపత్రికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఇలియట్ ఇలాంటి కేసులు వందల్లో పరిశీలించి, 1917లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. నయమైనవాళ్ళ కథ ఊళ్ళో తిరుగుతుంది, గుడ్డివాళ్ళ లెక్క ఆసుపత్రిలో తేలుతుంది. పాత వైద్యాన్ని పొగిడేవాళ్ళు ఈ రెండో లెక్క అడగరు. ఈ సూది వైద్యం పోయిన కాలపు సంగతి కూడా కాదు. నైజీరియాలో 2005–07 సర్వేలో శుక్లానికి చికిత్స జరిగిన కళ్ళలో నూటికి నలభైకి పైగా ఇలా సూదితో దించినవే!

మన పల్లెల్లో సూది పోయినా పసరు పోలేదు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపరాయి పనుల్లో రాతిముక్క ఎగిరి తగిలినా, శనిక్కాయ చేలో దుమ్ము పడినా ముందు ఆకు పసరో, చనుబాలో పోస్తారు. గీసుకున్న నల్లగుడ్డు మీద అది పుండుకు దారి. శుక్లం పసరుకూ కరగదు, చుక్కల మందుకూ కరగదు.

ఇప్పటి ఆపరేషన్లో మబ్బుపట్టిన కటకాన్ని బయటికి తీసి, దాని పైపొరను సంచిలా మిగిల్చి అందులో కృత్రిమ కటకం పెడతారు. కొన్నాళ్ళకు ఆ సంచి మసకబారితే ‘శుక్లం మళ్ళీ వచ్చింది’ అంటారు. రాలేదు. లేజర్‌తో నిమిషాల్లో సరిచేస్తారు. కర్నూలులోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. ఆపరేషన్ అయినాక కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రోజే చూపించుకోండి.