బాయి మీది బతుకులు, ఇంగ్లిష్ సాహిత్యం: అపోహలు – వాస్తవాలు

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ సీట్ల కోసం దోస్త్ ఆన్‌లైన్ దరఖాస్తులు మొదలయ్యాయంటే జ్యోతినగర్‌లోనూ గోదావరిఖనిలోనూ ఏ ఇంట చూసినా డిగ్రీ ముచ్చటే. ఇంగ్లిష్ పాఠం చెప్పి బతికేవాణ్ని కాబట్టి కొందరు తల్లిదండ్రులు నా దగ్గరికీ వస్తారు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపే ఒకాయన డ్యూటీ దిగి నేరుగా వచ్చి అడిగాడు: “సార్, మా పోరడు ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకుంటనంటుండు. ఇంగ్లిష్ మాట్లాడుడొస్తే సాలదా? దానికి మూడేండ్లు డిగ్రీ, రెండేండ్లు పీజీ దేనికి? అవి సదివి ఏం జేస్తడు?”

న్యాయమైన ప్రశ్న. ఆయనకు అప్పుడు చెప్పినవీ, చెప్పడం మరిచినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లిష్ లిటరేచర్ అంటే పెద్ద స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు

వాస్తవం: తెలుగు ఎంఏలో తెలుగు మాట్లాడటం నేర్పరు కదా. ఇదీ అంతే. డిగ్రీలో జనరల్ ఇంగ్లిష్ బీకాం, బీఎస్సీ వాళ్లకు కూడా ఉంటుంది. బీఏలో ఆప్షనల్‌గా తీసుకునే ఇంగ్లిష్ లిటరేచర్ వేరు. కవిత్వం, నాటకం, నవల, విమర్శ, భాషా చరిత్ర చదవాలి. లెక్చరర్ల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో ఇంగ్లిష్ సిలబస్ 10 యూనిట్లు. వాటిలో ఒకటి భారతదేశంలో ఇంగ్లిష్ భాష చరిత్ర గురించే. మాట్లాడటం ఈ చదువులో పక్కనుంచి వచ్చి చేరుతుంది. అదొక్కటే కావాలనుకునేవాళ్లు ఐదేళ్లు పెట్టనక్కర్లేదు, ఆరు నెలల సాధన చాలు.

అపోహ: అవి దొరల కథలు, బొగ్గుబాయి బిడ్డలకు వాటితో ఏం పని

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

డి.హెచ్. లారెన్స్ పేరు ఇంగ్లిష్ ఎంఏ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆయన 1885లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హాంషైర్‌లో, ఈస్ట్‌వుడ్ అనే బొగ్గు ఊళ్లో పుట్టాడు. తండ్రి బ్రిన్‌స్లీ గనిలో కార్మికుడు, చదువు అంతంత మాత్రం. తల్లి కొన్నాళ్లు బడిలో పాఠం చెప్పినావిడ. కొడుకులు గనిలోకి దిగొద్దని పంతం పట్టింది. మన కాలనీల్లో ఆ పంతం పట్టని తల్లి ఎక్కడుంది? లారెన్స్ స్కాలర్‌షిప్ మీద హైస్కూలు చదివాడు. నాటింగ్‌హాం యూనివర్సిటీ కాలేజీలో 1908లో టీచర్ సర్టిఫికెట్ తీసుకుని క్రాయ్‌డన్‌లో బడిపంతులయ్యాడు. 1913లో వచ్చిన ఆయన నవల ‘సన్స్ అండ్ లవర్స్’ చాలావరకు ఆ ఇంటి కథే. అందులో తండ్రి మాట్లాడేది పుస్తకాల ఇంగ్లిష్ కాదు, ఆ ఊరి గని కార్మికుల యాస. మన యాస కథల్లోకి రావచ్చా అని మనం ఎంతకాలం వాదులాడుకున్నామో గుర్తుచేసుకోండి.

ఆయనదే ఒక కథ, ‘ఓడర్ ఆఫ్ క్రిసాంతిమమ్స్’. 1911లో అచ్చయింది. నిండు బొగ్గు వ్యాగన్లను లాక్కుంటూ ఇంజను రావడంతో మొదలవుతుంది. ఎన్టీపీసీకి బొగ్గు మోసే ఎంజీఆర్ రైలు చప్పుడు వింటూ పెరిగినవాళ్లకు ఆ మొదటి పేరాకు నోట్సు అక్కర్లేదు. ఎలిజబెత్ అనే ఇల్లాలు గని నుంచి రావాల్సిన మొగుడి కోసం చూస్తుంటుంది. పొద్దు గూకుతుంది. పిల్లలకు ఆకలి. మళ్లీ తాగడానికి కూర్చున్నాడని ఆమెకు కోపం. రాత్రి ముదిరేకొద్దీ కోపం భయంగా మారుతుంది. చివరికి గని కప్పు కూలి, లోపల ఊపిరాడక చనిపోయిన మనిషిని ఇంటికి మోసుకొస్తారు. తల్లీ భార్యా కలిసి ఆ ఒంటిని కడుగుతారు. ఇన్నేళ్లు కాపురం చేసిన ఈ మనిషి ఎవరో తనకు తెలియనే లేదని అప్పుడు తడుతుంది ఆమెకు.

ఈ కథ చెప్పిన రోజు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది: “ఆమెకు డిపెండెంట్ ఉద్యోగం ఇయ్యలేదా సార్?” క్లాసులో ఎవరూ నవ్వలేదు. కారుణ్య నియామకం అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ ప్రశ్న పట్టుకుని మేం 1897 నాటి బ్రిటిష్ కార్మిక పరిహార చట్టం దాకా వెళ్లాం. మళ్లీ కథలోకి వచ్చి చూస్తే, ప్రమాదం జరిగిందన్న కబురు విన్నప్పుడే ఎలిజబెత్ మనసులో లెక్క వేసుకుంటూ కనిపించింది: ఒకవేళ పోయి ఉంటే, వచ్చే కొద్దిపాటి పింఛనుతో, తాను సంపాదించేదానితో ఇల్లు నడుస్తుందా అని. మొదటిసారి చదివినప్పుడు మేమంతా దాటిపోయిన వాక్యం అది. ఆ అమ్మాయి ప్రశ్న వల్ల కనిపించింది. సాహిత్యం చదవడమంటే నాకు తెలిసినంతలో ఇదే.

దొరల చదువన్న మాటలో ఒక నిజం లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ విభాగం 1894లో మొదలైతే, మన దేశపు కాలేజీల్లో ఆ సాహిత్యాన్ని అంతకు కొన్ని దశాబ్దాల ముందే పాఠంగా పెట్టారు. వలస పాలకుల అవసరం దాని వెనక ఎట్లా పనిచేసిందో గౌరీ విశ్వనాథన్ 1989లో వచ్చిన ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’లో విప్పి చెప్పారు. ఆ పుస్తకాన్ని చదివించేది కూడా ఇంగ్లిష్ విభాగాల్లోనే. నైజీరియా రచయిత చినువా అచెబె అక్కడే దొరుకుతాడు, దళిత సాహిత్యమూ అక్కడే దొరుకుతుంది.

అపోహ: తెలుగు మీడియం పిల్లలకు ఇది అందదు

వాస్తవం: మొదటి ఏడాది కష్టమే. పేజీకి పదిసార్లు డిక్షనరీ తీయాలి, పాఠం సగం అర్థమై సగం కాక ఏడుపొస్తుంది. ఇది దాచి చెప్పడం పిల్లలకు మోసం. కానీ రెండో ఏడాదికి ఆ కష్టం తగ్గుతుంది. అప్పటికి వాళ్ల చేతిలో ఇంగ్లిష్ మీడియం పిల్లలకు చాలామందికి లేనిదొకటి ఉంటుంది. అది తెలుగు.

మన ఇంగ్లిష్ ప్రొఫెసర్లు చేసిన మంచి పనుల్లో కొన్నింటిని చూడండి. వరంగల్ కాకతీయ యూనివర్సిటీ ఇంగ్లిష్ విభాగంలో పనిచేసిన కె. పురుషోత్తం, గీతా రామస్వామి, గోగు శ్యామలతో కలిసి తెలుగు దళిత సాహిత్య సంకలనాన్ని ఇంగ్లిష్‌లో తెచ్చారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. ఓల్గా ‘విముక్త’ను ‘ద లిబరేషన్ ఆఫ్ సీత’గా అనువదించిన టి. విజయ్‌కుమార్, సి. విజయశ్రీ ఉస్మానియాలో ఇంగ్లిష్ ఆచార్యులుగా పనిచేసినవాళ్లు. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ను ఇంగ్లిష్ చేసిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ చెప్పినవాళ్లు. తెలుగు రాకుంటే వీటిలో ఒక్కటీ జరిగేది కాదు.

సింగరేణి కార్మికుల బతుకును అల్లం రాజయ్య, పి. చంద్ వంటివాళ్లు తెలుగు కథల్లోకి, నవలల్లోకి తెచ్చారు. తట్టాచెమ్మస్ అంటే ఏమిటో, బాయి దిగడం అంటే ఏమిటో ఎవరో చెబితే తెలుసుకున్నవాడు వాటిని ఇంగ్లిష్‌లోకి తేవడం ఒకటి, ఆ క్వార్టర్లలో పుట్టినవాడు తేవడం ఒకటి.

అపోహ: ఇంగ్లిష్ చదివితే తెలుగు పోతుంది

వాస్తవం: తెలుగు కథను కొత్త దారి పట్టించిన త్రిపుర కాశీలో ఇంగ్లిష్ ఎంఏ చేసి, అగర్తలాలో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ పాఠం చెప్పారు. ‘చివరకు మిగిలేది’ రాసిన బుచ్చిబాబు ఇంగ్లిష్ లెక్చరర్‌గా పనిచేసినవారే. ‘మో’గా పేరుపడ్డ వేగుంట మోహనప్రసాద్ విజయవాడలో ఇంగ్లిష్ అధ్యాపకుడిగా పనిచేశారు. ఇంతకంటే వాదన అక్కర్లేదు.

అపోహ: రాయడం పుట్టుకతో రావాల్సిందే, ఎవరూ నేర్పలేరు

వాస్తవం: సంగీతానికి గురువు కావాలంటాం, చిత్రలేఖనానికి కావాలంటాం, రాతకు మాత్రం వద్దంటాం. అమెరికాలో అయోవా యూనివర్సిటీ రచనా శిక్షణను 1936లోనే చదువుగా పెట్టింది. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో క్రియేటివ్ రైటింగ్ ఎంఏ మొదలుపెడితే మొదటి విద్యార్థి ఇయన్ మెక్యూయన్. అక్కడే 1980లో ఎంఏ పూర్తిచేసిన కజువో ఇషిగురోకు 2017లో నోబెల్ వచ్చింది. ఆ తరగతుల పద్ధతిలో వింతేమీ లేదు. ఒకరు రాసింది ముందే అందరికీ పంచుతారు. అందరూ చదివొచ్చి బాగున్నదీ కుదరనిదీ మాట్లాడతారు. చాలా చోట్ల ఆ సేపంతా రాసినవాడు నోరు తెరవకూడదు. తిరగరాయడం అలవాటయ్యేది అక్కడే.

దీనికి తిరగేసిన అపోహ ఇంకొకటుంది: డిగ్రీ ఉంటేనే రచయిత అని. రాయప్రోలు సుబ్బారావు కొడుకు శ్రీనివాస్ రాయప్రోల్ స్టాన్‌ఫర్డ్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివి ఇంగ్లిష్‌లో కవి అయ్యారు. వరంగల్ ఆర్‌ఈసీలో ఫిజిక్స్ చదివిన సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ తెచ్చారు. 2017లో వచ్చిన ఆ పుస్తకం తన దళిత కుటుంబ చరిత్ర. చదువు రాతకు పదును పెడుతుంది, సరుకు మాత్రం బతుకులోంచే రావాలి. విదేశాల్లో ఈ చదువుకు లక్షలు పోస్తేనే రచయితలవుతారని ఎవరైనా అంటే నమ్మి అప్పు చేయకండి. ఇగ్నోలో క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా ఉంది, దూరవిద్యలో ఇంటి నుంచే చదువుకోవచ్చు.

అపోహ: ఉద్యోగాలుండవు

వాస్తవం: డంపర్ ఆపరేటర్ అసలు ప్రశ్న ఇదే కాబట్టి సూటిగా చెబుతాను. ఎంపీసీ అయినా సీఈసీ అయినా ఇంటర్లో ఇంగ్లిష్ తప్పనిసరి. అందుకే ప్రతి జూనియర్ కాలేజీకీ ఇంగ్లిష్ లెక్చరర్ కావాలి. 2022 డిసెంబరులో 1392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు ప్రకటన వచ్చింది, వాటిలో ఇంగ్లిష్ పోస్టులూ ఉన్నాయి. బీఏలో ఇంగ్లిష్ లిటరేచర్ చదివి, ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ చేస్తే డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్‌కు పోటీపడొచ్చు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు 37 వేలు ఇస్తారు. అనువాదం, పత్రికలు, ప్రచురణ ఉన్నాయి కానీ వాటిలో మొదటి జీతాలు తక్కువ. ప్రభుత్వ ప్రకటనలు ఏళ్లకేళ్లు రాకపోవడమూ నిజమే. ఇది హామీ ఇచ్చే చదువు కాదు. ఇవాళ హామీ ఇచ్చే డిగ్రీ ఏదో నాకు కనిపించడం లేదు.

ఖర్చుకు భయపడక్కర్లేదు. కరీంనగర్ శాతవాహన, వరంగల్ కాకతీయ, ఉస్మానియా మనకు అందుబాటులోనే ఉన్నాయి. 1958లో కేంద్ర ఇంగ్లిష్ సంస్థగా పుట్టి 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ హైదరాబాద్‌లోనే ఉంది. వీటి ఫీజులు ప్రైవేటు ఇంజినీరింగ్ ఫీజుల ముందు చాలా తక్కువ.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లో పిల్లాడో దోస్త్‌లో ఇంగ్లిష్ లిటరేచర్ పెడితే ఆ రాత్రే ఆప్షన్ మార్పించకండి. నేను పైన చెప్పిన లారెన్స్ కథ చిన్నది. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వాళ్లను చదివి, మీకు తెలుగులో చెప్పమనండి. షిఫ్టు దిగి అన్నం తిన్నాక ఒక గంట కూర్చుని వినండి. ఏం తీసుకోవాలో ఆ తర్వాత మాట్లాడుకోండి.