వేట లేని రెండు నెలలూ నాన్న దగ్గర!

ఏప్రిల్‌ 15 వచ్చిందంటే నెల్లూరు తీరంలో మరబోట్లు ఒడ్డెక్కేస్తాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, జూన్‌ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బడులకు ఎండాకాలం సెలవులు కూడా దాదాపు అప్పుడే. విడాకులు తీసుకున్న జాలరి తండ్రికి బిడ్డతో గడపడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ చాలా ఒప్పందాల్లో ఏం రాసుకుంటారు? 'నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు వరకు' అని. ఆ ఆదివారం ఆయన సముద్రం మీద ఉంటే? 'బిడ్డ మీద ప్రేమే లేదు, చూడ్డానికైనా రాడు' అని ఇటువాళ్లంటారు. 'వచ్చినా చూపించరు' అని అటువాళ్లంటారు. మళ్లీ గొడవ మొదలు!

విడాకులతో తెగేది ఆలుమగల బంధం. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఫీజులనీ, జ్వరాలనీ, పండగలనీ ఆ ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకోక తప్పదు.

కాపుల మాట... కోర్టు మాట

తీరం వెంబడి పట్టపుపాలేల్లో తగవు ఏదైనా ముందు వెళ్లేది కాపుల దగ్గరికే. కాపులంటే ఆ ఊరి పెద్దలు. వాళ్లు వేసే కట్టుబాటును 'దురాయి' అంటారు. దాన్ని దాటడం అంత తేలిక కాదు. ఈ పద్ధతిని పూర్తిగా తీసిపారేయనక్కర్లేదు. రెండు వైపుల వాళ్లనూ చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్లు ఒక్క పూటలో ఎదురెదురుగా కూర్చోబెట్టగలరు. కోర్టులో అదే పనికి ఎన్ని వాయిదాలో! చిక్కల్లా పల్లెపంచాయతీల్లో తరచూ వినిపించే ఒక మాటతోనే... 'మగపిల్లాడు తండ్రికి, ఆడపిల్ల తల్లికి.' పడవ ఒకరికి, వల ఒకరికి పంచినట్టు!

అన్నాచెల్లెళ్లను ఇలా విడదీయమని ఏ చట్టమూ చెప్పలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. ఏ వయసులోనైనా అన్నిటికంటే ముందు చూడాల్సింది బిడ్డ బాగు. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే న్యాయమూర్తి వాళ్ల ఇష్టాన్నీ తెలుసుకుంటారు. పిల్లలు కన్నవాళ్ల సొత్తూ కారు, ఆటబొమ్మలూ కారని సుప్రీంకోర్టు 1973లోనే తేల్చేసింది. కాబట్టి స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టినా, అది బిడ్డకు మేలు చేయదనిపిస్తే కోర్టు పక్కన పెట్టేయగలదు.

మరి పెద్దలు కుదిర్చిన ఒప్పందం బాగానే ఉంటే? దాన్ని లోక్‌ అదాలత్‌కు తీసుకెళ్లండి. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాసుకున్న రాజీకి సివిల్‌ కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ, పైగా అప్పీలు ఉండదు. విడాకులు మాత్రం లోక్‌ అదాలత్‌ ఇవ్వదు, వాటికి కోర్టే గతి. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్‌ చేస్తే వివరాలు చెబుతారు.

'డబ్బివ్వలేదుగా, చూపించను!'

ఈ తగవుల్లో ఎక్కువగా వినిపించేది ఈ మాటే. దాని జవాబు 'చూపించలేదుగా, ఇవ్వను'. నిజానికి ఈ రెండిటికీ లంకె లేదు. భరణం బాకీ పడితే వసూలుకు వేరే దారి ఉంది. చూపించకపోతే కోర్టుకు చెప్పుకునే దారీ వేరే ఉంది. ఒకదాని కోసం రెండోదాన్ని ఆపితే నష్టం ఆ రెండిటికీ హక్కున్న బిడ్డకే. వేట మీద బతికేవాళ్ల చేతిలో నెలనెలా ఒకే మొత్తం ఆడదు. నిషేధం రోజుల్లో ఇంకా కష్టం. అందుకని బడి ఫీజు, పుస్తకాలు ఎవరు కడతారో ముందే విడిగా రాసుకోవడం నయం.

కొందరు రాత్రికి రాత్రి బిడ్డను చెన్నైలో చుట్టాలింటికి చేర్చేస్తారు. 'ఇక నెల్లూరు కోర్టు ఏం చేస్తుంది?' అని ధీమా. సంరక్షణ పిటిషన్‌ వేయాల్సింది బిడ్డ మామూలుగా ఉండే ఊళ్లోని కోర్టులో. దాచిన ఊరు సొంతూరైపోదు. అమెరికాలో కాపురముండి, విడాకుల కేసు అక్కడే నడుస్తుండగా తల్లి పిల్లలతో హైదరాబాద్‌ వచ్చిన ఒక తెలుగు జంట వ్యవహారంలో 2019లో సుప్రీంకోర్టు పిల్లల్ని తిరిగి అమెరికా పంపమంది.

నెల్లూరు నుంచి కువైట్‌కు ఇంటి పనులకు వెళ్లే తల్లులున్నారు. వాళ్లకు ఆదివారాల లెక్క ఎలా కుదురుతుంది? దూరంగా ఉన్న అమ్మకో నాన్నకో రోజూ అయిదు పది నిమిషాలు బిడ్డతో ఫోన్లో మాట్లాడే హక్కుండాలని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది. వీడియో కాల్‌ చేసే సమయం కూడా ఒప్పందంలోకి ఎక్కించండి. ఫోను ఎత్తాల్సింది అమ్మమ్మో నాయనమ్మో అయితే ఆ సంగతీ రాయండి. వాళ్లు నూరిపోసే మాటలకు తక్కువ బలం లేదు మరి! ఏళ్ల తరబడి తండ్రి దగ్గరే పెరిగిన ఎనిమిదేళ్ల పాపను తల్లికి అప్పగించిన 2017 నాటి తీర్పులో, ఒకరి దగ్గరే ఉన్న బిడ్డ మనసు రెండోవారి మీద ఎలా విరిగిపోతుందో సుప్రీంకోర్టు ప్రస్తావించింది.

రాసుకునేటప్పుడు మొహమాటం వద్దు. సంక్రాంతి ఎవరింట్లో, దసరా సెలవులు ఎవరింట్లో, బిడ్డను తీసుకెళ్లేది బడి దగ్గరా బస్టాండులోనా, జ్వరమొస్తే ముందు ఎవరికి ఫోన్‌ చేయాలి... అన్నీ ఉండాలి. వేట రోజుల్లో ఆదివారానికి బదులు బోటు ఒడ్డుకొచ్చిన మర్నాటి సాయంత్రం అని రాసుకుంటే తప్పేముంది? వేట లేని రెండు నెలల్లో సగమో, అంతకంటే ఎక్కువో నాన్న దగ్గర. నవంబరులో ఏ వాయుగుండమో వచ్చి రోడ్లు మునిగితే, పోయిన ఆదివారానికి బదులు ఏ రోజో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.