నేల మీద దారి తప్పితే

2023 జనవరి 13 రాత్రి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో లండన్ బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777కి కంట్రోల్ టవర్ ఇచ్చిన ఆదేశం స్పష్టంగానే ఉంది. ‘కిలో’ అనే ట్యాక్సీవే దగ్గర 31 లెఫ్ట్ రన్‌వేను దాటి వెళ్లాలి. విమానం మాత్రం ‘జూలియెట్’ అనే దారి పట్టి 4 లెఫ్ట్ రన్‌వేను దాటింది. సరిగ్గా అప్పుడే ఆ రన్‌వే మీద డెల్టా సంస్థ బోయింగ్ 737 టేకాఫ్ పరుగులో ఉంది, గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగం అందుకుంది. టవర్‌లో హెచ్చరిక మోగింది, కంట్రోలర్ టేకాఫ్ రద్దు చేయమని గట్టిగా చెప్పారు, డెల్టా పైలట్లు వెంటనే బ్రేకులు వేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. దారి తప్పింది 777 పైలట్లే, అందులో వాదనకు తావు లేదు. అయితే ‘పైలట్ తప్పిదం’ అని రాసి ఫైలు మూసేస్తే మనం తెలుసుకున్నది ఏమీ ఉండదు. మనిషన్నాక ఎప్పుడో ఒకసారి మలుపు తప్పుతాడు. తప్పిన ఆ ఒక్క మలుపు నేరుగా టేకాఫ్ జరుగుతున్న రన్‌వే మీదకు తీసుకుపోవడం, మధ్యలో ఏదీ ఆపకపోవడం అసలు ప్రశ్న. దీనికి జవాబు చెప్పాల్సింది విమానాశ్రయాన్ని కట్టినవారు, నడిపేవారు.

గేటు నుంచి రన్‌వే దాకా నేల మీద సాగే ఆ ప్రయాణాన్నే ట్యాక్సీయింగ్ అంటారు. ప్రయాణికుడికి అది ఏమీ జరగని సమయం, కాక్‌పిట్‌లో మాత్రం ఊపిరి సలపని సమయం. ఆకాశంలో ఆటోపైలట్ ఉంటుంది. నేల మీద కెప్టెన్ కళ్లతో చూస్తూ చేత్తో చిన్న చక్రం తిప్పుతూ నడపాలి. పక్కనున్న కో-పైలట్ రేడియోకి జవాబులివ్వాలి, చెక్‌లిస్టులు చదవాలి, రన్‌వే మారితే టేకాఫ్ లెక్కలు మళ్లీ కంప్యూటర్‌కి ఎక్కించాలి. అంటే దారి చూడాల్సిన నాలుగు కళ్లలో రెండు ఎక్కువ సేపు లోపలికే వంగి ఉంటాయి. బయట చీకట్లో నీలం, ఆకుపచ్చ, తెలుపు దీపాలు వందలకొద్దీ. ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పాలన్న నియమం మంచిదే, కానీ అది చెవి సరిగ్గా విన్నదని మాత్రమే రుజువు చేస్తుంది. రెండు నిమిషాల తర్వాత చక్రం ఎటు తిరుగుతుందో చెప్పదు. కెనడీ ఘటనను విచారించిన అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి కూడా ఒకేసారి మీద పడిన ఇలాంటి పనుల వల్ల పైలట్ల ధ్యాస చెదిరిందనే తేల్చింది. వేరే పనుల్లో ఉన్న గ్రౌండ్ కంట్రోలర్ సైతం ఆ మలుపును గమనించలేదు.

ఇంత శిక్షణ పొందినవారు అజాగ్రత్తగా ఉంటే సాకులు వెతకడం ఎందుకని అడిగేవారున్నారు. వారి చేతిలో బలమైన ఉదాహరణే ఉంది. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో కామెయిర్ విమానం పొడవైన రన్‌వే బదులు అందులో సగం పొడవున్న పక్క రన్‌వే ఎక్కింది. ఉన్న 50 మందిలో కో-పైలట్ ఒక్కరే బతికారు. ట్యాక్సీ చేస్తూ పైలట్లు కొంతసేపు పనికి సంబంధం లేని కబుర్లు చెప్పుకున్నారు. నియమాలు ఆ కబుర్లను నిషేధించి అప్పటికే పాతికేళ్లు. క్రమశిక్షణ అవసరం, దాన్ని మీరినవారిని ప్రశ్నించాల్సిందే. కానీ పాతికేళ్ల నాటి నియమం ఉండి కూడా ఆ తెల్లవారుజామున ఎవరినీ కాపాడలేదు. కెనడీలోనైతే కబుర్లు కారణం కానే కాదు, పైలట్ల ధ్యాస మళ్లించింది వారు చేయాల్సిన పనే.

మిలాన్ నగరంలోని లినాటే విమానాశ్రయంలో 2001 అక్టోబర్ 8న జరిగింది, పైలట్ తప్పు మలుపు వెనుక విమానాశ్రయ లోపాలూ ఉంటాయనడానికి తిరుగులేని సాక్ష్యం. దట్టమైన పొగమంచులో ఒక చిన్న సెస్నా జెట్‌ను ఆర్5 అనే దారిన వెళ్లమన్నారు. పైలట్లు ఆర్6 పట్టారు. ఇంతవరకూ చెప్పి ఆపితే తప్పంతా వారిదే. కానీ ఆ కూడలిలో గుర్తులు అరిగిపోయి ఉన్నాయి. పాత గ్రౌండ్ రాడార్ తీసేశారు, కొత్తది ఇంకా పని మొదలుపెట్టలేదు. దారిలో పైలట్ తాను ‘ఎస్4’ దగ్గరికి వస్తున్నానని రేడియోలో చెప్పాడు. ఆ ఎస్4 నేల మీద రాసి ఉంది, కంట్రోలర్ దగ్గరున్న మ్యాపులో లేదు. తప్పు దారిలో ఉన్నానని పైలట్ తన నోటితోనే చెప్పినట్టయింది, వినేవారికి అర్థమయ్యే వీలే లేకపోయింది. ముందుకు రమ్మన్నారు. సెస్నా రన్‌వే మీదకు వెళ్లింది, టేకాఫ్ తీసుకుంటున్న ఎస్ఏఎస్ సంస్థ ప్రయాణికుల విమానం దాన్ని ఢీకొని సామాన్ల షెడ్డులోకి దూసుకుపోయింది. 118 మంది చనిపోయారు. ఇటలీ కోర్టులు తర్వాత కంట్రోలర్‌తోపాటు ట్రాఫిక్ కంట్రోల్ సంస్థ అధికారులను కూడా దోషులుగా తేల్చాయి. తప్పు మలుపు తిప్పిన చేతుల వెనుక ఎన్ని చేతులున్నాయో ఆ తీర్పు ఒప్పుకుంది.

విమానాశ్రయాలనే మార్చాలంటే ఖర్చు మాటేమిటని మరో అభ్యంతరం. అట్లాంటా దానికి మంచి జవాబు. ప్రపంచంలోకెల్లా రద్దీ ఎక్కువగా ఉండే విమానాశ్రయాల్లో ఒకటైన అక్కడ 2007లో రన్‌వే చివరను చుట్టి వెళ్లే ట్యాక్సీవే ఒకటి తెరిచారు. దిగిన విమానాలు టేకాఫ్ రన్‌వేను అడ్డంగా దాటడం మానేసి చుట్టూ తిరిగి పోతాయి. దారి పెరిగినా, దాటడానికి ఆగి వేచి ఉండే సమయం తగ్గింది. దాటడమే లేనప్పుడు తప్పు చోట దాటే ప్రమాదమూ లేదు. స్థలం లేని పాత విమానాశ్రయాల్లో ఇది కుదరదు, నిజమే. అక్కడ నియమమైనా మారాలి. 2010 నుంచి అమెరికాలో దారిలో వచ్చే ప్రతి రన్‌వేకూ విడిగా అనుమతి చెప్పి తీరాలన్న ఆదేశం అమలైంది. పైసా ఖర్చు లేని మార్పు అది, ఇంత ఆలస్యంగా వచ్చినందుకు బాధ కలుగుతుంది.

పరికరాలున్నా ప్రమాదాలు జరుగుతున్నాయి కదా అన్నది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. 2024 జనవరి 2న టోక్యో హానెడాలో, నోటో భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తున్న జపాన్ తీర రక్షక దళ విమానం అనుమతి లేకుండానే రన్‌వే ఎక్కి ఆగింది. వెనుక నుంచి దిగిన జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ350 దాన్ని ఢీకొంది. ఎ350లోని 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు, చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. రన్‌వే బయట ఆగే గీత దాకా రమ్మని, వరుసలో మొదటివారు మీరేనని టవర్ చెప్పింది. అది రన్‌వే ఎక్కే అనుమతి అనుకున్నానన్నారు కెప్టెన్. కంట్రోలర్ల తెరపై హెచ్చరిక వచ్చింది, ఎవరూ గమనించలేదు. పరికరాలు పనికిరావని దీన్నిబట్టి అనలేం. హెచ్చరిక చేరాల్సింది ఎవరికి అన్నది ఇక్కడ తేలుతుంది. పది విమానాల సంగతి చూస్తున్న కంట్రోలర్‌కి తెరపై మెరిసే గుర్తు ఇంకో పని. గీత ముందున్న పైలట్‌కి కళ్లెదుట అడ్డంగా వెలిగే ఎర్ర దీపాల వరుస అయితే ఆగమన్న ఆజ్ఞ, దానికి భాషతో, రేడియోతో, జ్ఞాపకంతో పని లేదు. ప్రతి రన్‌వే ప్రవేశం దగ్గరా ఆ దీపాలు పగలూ రాత్రీ, మంచున్నా లేకున్నా వెలగాలి, అనుమతి ఇచ్చినప్పుడే ఆరాలి. హానెడాలో ఆ ప్రవేశం దగ్గర అవి మరమ్మతులో ఉన్నాయి. మరమ్మతులో లేకపోయినా ఆ సాయంత్రం వెలిగేవి కావు. వాతావరణం బాగుంది, దారి కనిపించనప్పుడే వాటిని వెలిగించడం అప్పట్లో అక్కడి పద్ధతి.