మూలనున్న మిషన్ మూత తియ్యండి

మీ ఇంట్లో కుట్టుమిషన్ ఉందా? ఉంటే దాని మీద ఏమున్నాయి? మా ఇంట్లో అయితే ఇస్త్రీ బట్టలు, పాత పేపర్లు, వాటి పైన మావాడి క్రికెట్ బ్యాటు. ఇరవై ఏళ్లకు పైగా అది బల్లగా పనికొచ్చిందే కానీ మిషన్‌గా కాదు.

ఇంటర్ పాసయ్యాక, పెళ్లి కుదిరేలోపు అమ్మ దగ్గరే కుట్టు నేర్చుకున్నాను. తెనాలిలో మా వీధిలో సగంమంది జాకెట్లు అమ్మే కుట్టేది. నా కాలేజీ ఫీజు ఆ డబ్బుతోనే కట్టింది. నన్ను కాపరానికి పంపుతూ సారెతో పాటు మిషన్ కూడా ఇచ్చింది. కొత్తలో లంగాలు, దిండు గలీబులు కుట్టాను. తర్వాత పిల్లలు, క్యారేజీలు, వంట. "టైలరుకిస్తే పోయేదానికి నీకెందుకీ తిప్పలు?" అన్నారు మావారు. నిజమే కదా అనుకుని నేనూ మూత వేసేశాను.

మళ్లీ ఆ మూత తీయించింది అమ్మే. పోయిన ఏడాది అమ్మకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు. మా ఇంటికి తీసుకొచ్చాను. ఉన్న జాకెట్లన్నీ బిగుతే. చెయ్యి దూర్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకునేది. చివరికి నైటీలే గతి అయ్యాయి. ఎవరైనా వస్తే గదిలోంచి బయటికి వచ్చేది కాదు. "ఊరందరికీ జాకెట్లు కుట్టినదాన్ని. నాకే జాకెట్టు లేకుండా పోయిందే!" అంది ఒకరోజు. ఇద్దరు టైలర్లను అడిగాను. ఆది జాకెట్టు తెమ్మన్నారు. ఆ ఆది జాకెట్టే పట్టనప్పుడు ఇంకేం తెచ్చేది?

ముందు మిషన్ సంగతి

చాలాకాలం వాడని మిషన్‌ని ఒక్కసారే తొక్కెయ్యకండి. పాదం కింద పళ్ల మధ్య పేరుకున్న పీచును చిన్న బ్రష్‌తో తియ్యండి. నూనె కన్నాల్లో రెండేసి చుక్కలు మిషన్ ఆయిలే వెయ్యండి. కొబ్బరినూనె పోస్తే జిగురుకట్టి బిగుసుకుపోతుంది. చక్రాన్ని చేత్తో కాసేపు తిప్పి, దారం ఎక్కించకుండా పాత గుడ్డ మీద నడపండి. మరకలు ఆ గుడ్డకే అంటుకుపోతాయి. బెల్టు సాగి ఉంటే మార్చండి.

సూది కొత్తది వెయ్యండి. మామూలు నూలుబట్టకు 14 నంబరు, సన్నటి సిల్కుకు 11 సరిపోతుంది. సూది తిరగబడితే కుట్లు తప్పుతాయి. గుడ్డ అడుగున దారం ఉండలు కడితే అందరం బాబిన్‌నే తిడతాం. చాలాసార్లు తప్పు పైదారానిదే. పాదం పైకెత్తి, దారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించి చూడండి.

నా మొదటి జాకెట్టు

మిషన్ తిరిగిందన్న సంబరంలో ఉన్న గుడ్డ తీసి కత్తిరించేశాను. తీరా కుట్టబోతే రెండు చేతులూ ఒకేవైపువి! నూలుగుడ్డ తడిపి ఆరబెట్టకుండా కత్తిరించడం ఇంకో తప్పు. ఎలాగో ముక్కలేసి పూర్తిచేస్తే, ఒక్క ఉతుక్కే కుదించుకుపోయింది. "నా వల్ల కాదమ్మా" అని కత్తెర పక్కన పడేశాను.

అమ్మ మంచం మీద నుంచే, "నీ మొదటి లంగాకి నాడా దూర్చే దారే లేదు, మర్చిపోయావా? ఆ పేపరు ఇటు తే" అంది. ఎడం చేత్తో వంకరటింకరగా గీత గీసి చూపించింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం గంటసేపు అమ్మ చెప్పడం, నేను గియ్యడం. పాత పేపర్ల మీదే మూడు జాకెట్లు కత్తిరించాక గానీ గుడ్డ ముట్టుకోనివ్వలేదు.

ఇలా కుదిరింది

మీ ఇంట్లోనూ భుజం నొప్పితో బాధపడే పెద్దవాళ్లుంటే ఈ కొలతలు పనికొస్తాయి. అమ్మ ఛాతీ చుట్టు 36 అంగుళాలు. అందులో నాలుగోవంతు 9. దానికి వదులు కోసం ఒక అంగుళం, పక్క కుట్టుకు ఒక అంగుళం కలిపి 11 అంగుళాలు పెట్టాను. ముందు బటన్ పట్టీకి వేరే వదిలాను. చంక మామూలు కన్నా ముప్పావు అంగుళం కిందికి దించాను. చంక పెంచితే చెయ్యి కూడా అంతకు తగ్గట్టు పెంచాలి. చంక వంపునూ, చేతి వంపునూ టేపు పెట్టి కొలిచి సరిచూసుకోండి. లేకపోతే కుట్టేటప్పుడు ఒకటి మిగిలి ఒకటి చాలదు.

చేతులు కత్తిరించేటప్పుడు గుడ్డ మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా మడవండి. అప్పుడు నాలాగా ఒకేవైపు చేతులు రావు. హుక్కులు పెట్టడం అమ్మకు కష్టమని టిచ్ బటన్లు వేశాను. వేళ్లలో పట్టు లేనివాళ్లకు వెల్క్రో పట్టీ ఇంకా సుఖం. గుడ్డనూ లైనింగునూ రాత్రి నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. తొడిగేటప్పుడు నొప్పిచెయ్యి ముందు దూర్చాలి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు తియ్యాలి.

రెండో జాకెట్టు మంగళగిరి నూలుగుడ్డతో కుట్టాను. మెడ దగ్గర కాస్త ముడత వచ్చింది. అమ్మ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "క్రాసు ముక్క సాగదీశావు. మెడపట్టీ లాగకుండా కుట్టాలే" అంది. అని, తొడుక్కుంది. చీర కట్టించమంది. ఆ సాయంత్రం పక్కింటావిడ వస్తే హాల్లోకొచ్చి కూర్చుంది. భుజం నొప్పి పూర్తిగా పోలేదు. కానీ "మా అమ్మాయే కుట్టింది" అని అమ్మ చెబుతుంటే వంటింట్లో నాకు ఉల్లిపాయలు తరక్కుండానే కళ్లు మండాయి.

ఇప్పుడు మావారి లుంగీ అంచులు, మా అమ్మాయి కుర్తీ కుట్లు అన్నీ నా దగ్గరికే. పెద్ద టైలరునేం కాలేదు. విప్పి కుట్టడమే ఎక్కువ. అయినా మధ్యాహ్నం ఆ గంట నాది, అమ్మది.

మీరూ పట్టుచీర జాకెట్టుతో మొదలుపెట్టకండి. దిండు గలీబు, తర్వాత లంగా, ఆ తర్వాతే జాకెట్టు. మీకు నేర్పినవాళ్లు ఇంకా ఉంటే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మన చేతులు పని మర్చిపోవు. వాళ్లకేమో, మళ్లీ ఒకరికి నేర్పుతున్నామన్న తృప్తి.