టారో చీట్లును మార్సేయి పేకయును

టారో యను పేకతో ఫలము చెప్పుట ఐగుప్తదేశపు దేవాలయములందు పుట్టిన ప్రాచీనవిద్య యని పెక్కురు తలంతురు. ఈ తలంపునకు మూలపురుషుడు కూర్ ద జెబలిన్ అను ఫ్రెంచి పండితుడు. టారో చిత్రములు ఐగుప్తీయుల జ్ఞానగ్రంథమునకు శేషములని 1781లో ఆయన ప్రకటించెను. షాంపోలియన్ ఐగుప్తలిపిని చదువగలిగినది 1822లో. లిపి తెలియకమునుపే గ్రంథమునకు వ్యాఖ్యానము వెలసినదన్నమాట! వాస్తవమున టారో 15వ శతాబ్దిలో ఉత్తర ఇటలీ ప్రభువుల కొలువులయందు ఆడిన పేకాట. దానితో ఫలము చెప్పుట 18వ శతాబ్దియందుగాని వ్యాప్తికి రాలేదు.

ఈ పేకయందు 78 ముక్కలు గలవు. వానిలో 56 మన ఇస్పేటు, కళావరుల వలెనే నాలుగు రంగులుగా నున్నవి. రంగుల పేర్లు మాత్రము పానపాత్ర, ఖడ్గము, నాణెము, దండము. తక్కిన 22 చిత్రములలో 21 తురుపులు, ఒకటి పిచ్చివాడు. భయానకమంతయు ఈ తురుపులలోనే యున్నది. 12వ ముక్కయందు ఒంటికాలితో తలక్రిందుగా వ్రేలాడు మనుజుడు. 13వ దానియందు కొడవలి పూనిన కంకాళము. 15వ దాన పిశాచము. 16వ దాన పిడుగుపడి కూలు బురుజు. మార్సేయి పట్టణము పేర బరగు ప్రాతపేకలలో 13వ ముక్కకు తరచుగా పేరు వ్రాయరు. రాత్రివేళ పామును పురుగనువారికి ఇది వింత గాదు.

ఫలము నడుగువాడు ప్రశ్నను మనస్సున నిలిపి పేకను కలుపును. చెప్పువాడు కొన్ని ముక్కలను వరుసగా పరచి చిత్రములను చదువును. మూడు ముక్కలు పరచినచో అవి సాధారణముగా భూతవర్తమానభవిష్యత్తులు. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ప్రచారమునకు దెచ్చిన పద్ధతిలో పది ముక్కలు. తలక్రిందుగా పడిన ముక్కకు అర్థము మారునందురు. ప్రతి ముక్కకును నియతార్థమును దెలుపు పుస్తకములు గలవు; కాని యా నియతార్థముతో నేర్పరి యెవ్వడును తృప్తినొందడు. కంకాళము ప్రక్కన బురుజు పడిన నొకతీరు, నక్షత్రము పడిన వేరొకతీరు. వాక్యార్థబోధకు మనవారు చెప్పిన ఆకాంక్షా యోగ్యతా సన్నిధులలో పేక యొసగునది సన్నిధి మాత్రమే. ఆకాంక్ష అడిగినవానియందున్నది, యోగ్యతను నిర్ణయించువాడు చెప్పువాడు. ఫలము ముక్కలలో దాగియున్నదనుటకంటె ఈ మూటి కూడికవలన పుట్టుచున్నదనుట యుక్తము.

చిత్రము ముందు, అర్థము వెనుక యను నీ మర్మమును గ్రహించి క్రొత్తపేకను కల్పించినవారు ఫ్రాన్సునందలి అధివాస్తవిక కవులును చిత్రకారులును. 1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగినపిమ్మట వారు మార్సేయి చేరి, వారియన్ ఫ్రై అను అమెరికా దేశీయుడు నడుపు సహాయసంఘము మూలమున దేశాంతరము పోవుటకు వీసాలకై నిరీక్షించుచుండిరి. ఆంద్రె బ్రెటన్ నగరోపాంతమున ఎయిర్‌బెల్ అను భవనమున వసించెను. ఆ డిసెంబరులో మార్షల్ పెటాఁ నగరమునకు వచ్చునపుడు పోలీసులు బ్రెటన్‌ను, ఫ్రైని, మరికొందరిని పట్టి కొన్ని దినములు ఓడలో నిర్బంధించిరి. తమ రేపు తమకే తెలియని యా దినములలో ఎనమండ్రు చేరి, తలకు రెండేసి చొప్పున 16 చిత్రములు వ్రాసిరి.

ఇందు రాజు, రాణి, జాకీ లేరు. వారి స్థానమున ప్రతిభావంతుడు, జలకన్య, మాంత్రికుడు నిలిచిరి. రంగులు ప్రేమకు జ్వాల, స్వప్నమునకు నల్లని నక్షత్రము, విప్లవమునకు నెత్తుటిచక్రము, జ్ఞానమునకు తాళము. స్వప్నమునకు మాంత్రికుడు ఫ్రాయిడ్. జ్ఞానమునకు ప్రతిభావంతుడు హెగెల్. 22 తురుపులు లేమిచే దీనిని టారో యనుట లక్షణవిరుద్ధమే. అయినను టారో చిత్రములను చదువు చూపుతోగాని దీనిని చదువ వీలుగాదు.

జ్ఞానమునకు జలకన్య హెలెన్ స్మిత్. ఈమె జెనీవా నగరమున పూనకమందు కుజగ్రహభాషను, హిందూభాష యనబడు మరియొకదానిని పలికినది. ఆ రెండవదానిని సంస్కృతజ్ఞుడైన ఫెర్దినాఁ ద సొస్యూర్ పరీక్షించెను. అది సంస్కృతచ్ఛాయ గలదే కాని సంస్కృతము గాదు. అట్టి యామెకు జ్ఞానపీఠము నిచ్చుట పరిహాసముగాదు. అర్థము తేలకమునుపే వాక్కు పుట్టునని వారి సిద్ధాంతము.

ఆ చిత్రమును వ్రాసిన విక్టర్ బ్రౌనర్ కథ మరియు నిశితమైనది. 1931లో అతడు ఒక కన్నుపోయినట్లు తన ప్రతిరూపమును చిత్రించుకొనెను. 1938లో, చిత్రకారుడగు ఆస్కార్ దొమింగెజ్ కలహమున వేరొకనిపై విసరిన గాజుపాత్ర తగిలి బ్రౌనర్ కన్ను నిజముగానే పోయెను. మిత్రులు దానిని భవిష్యద్దర్శన మనిరి. పియేర్ మాబియ్ అను వైద్యుడు 1939లో దీనిపై వ్యాసము వ్రాసెను. చిత్రము కీడును ముందు చెప్పెననుటకంటె, కీడు వచ్చి చిత్రముచేత మాటాడించెననుట మేలు. టారో ఫలములు నిజమైనవని చెప్పుకొను కథలు పెక్కు ఇట్టివే. మార్సేయి పేకలో ఫ్రాయిడ్‌ను చిత్రించిన హస్తము ఆ దొమింగెజ్‌దే.

1941 మార్చిలో బ్రెటన్ ఓడయెక్కెను. బ్రౌనర్‌కు అమెరికా వీసా దొరకలేదు. అతడు ఫ్రాన్సుననే దాగి బ్రదికెను. చిత్రములు 1943లో న్యూయార్కు పత్రికయందు వెలువడినవి. మూలప్రతులు 2003లో మార్సేయి నగరమందలి కాంతినీ చిత్రశాలకు చేరినవి.