కరివేపాకు కుండీలో మాక్రో పాఠాలు

బోనస్ డబ్బులతో 100 ఎంఎం మాక్రో లెన్స్ కొన్నాను. మూడు వారాలు తీసినవన్నీ మసకే. అమ్మేద్దామని ప్రకటన కూడా రాసిపెట్టుకున్నా.

తప్పు లెన్స్‌ది కాదు. 1:1 అంటే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద అంతే సైజులో పడటం. అంత దగ్గరగా ఎఫ్/2.8 పెడితే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా వచ్చేది మిల్లీమీటరులో మూడో వంతు. చీమ కన్ను కుదిరితే మీసాలు మసక! ఎఫ్/11కి వెళితే అది మిల్లీమీటరు దాటింది. కానీ వెలుతురు చాలదు, ఫ్లాష్ తప్పదు. నేరుగా వేస్తే పురుగు వీపు మీద తెల్లటి మచ్చ. ముందు ట్రేసింగ్ పేపర్ కట్టాక మెత్తబడింది.

ఆటోఫోకస్ మానేశా. రింగుని కదపకుండా, ఊపిరి బిగబట్టి, నేనే ముందుకీ వెనక్కీ కొంచెం ఊగుతూ, కన్ను తేటపడగానే వరసగా ఐదారు క్లిక్కులు. ఒకటి కుదురుతుంది. ఈ ముక్క మొదటిరోజే ఎవరైనా చెప్పుంటే ఆ ప్రకటన రాసే పనుండేది కాదు.

మోడల్స్ కోసం ఎక్కడికీ పోలేదు. మా డాబా మీద కరివేపాకు కుండీలో, అచ్చం పిట్టరెట్టలా ఉన్న ఓ గొంగళిపురుగు. ‘మొక్కంతా తినేస్తోంది, తీసి పారేయరా’ అంది అమ్మ. ‘ఒక్క ఫొటో అమ్మా’ అని బతిమాలి, తీసింది లాప్‌టాప్‌లో పెద్దగా చూపించా. ఇదే తర్వాత పచ్చగా మారి, ఆపైన సీతాకోకచిలుక అవుతుందన్నా.

అమ్మ చాలాసేపు చూసింది. ‘దీనికి మొహం కూడా ఉందే!’

ఇప్పుడు పోపులోకి కరివేపాకు పక్కింటి నుంచి తెస్తోంది.